ఏ పాటకు పేజీ? ఎవరు రాయాలి?

(అంబేద్కర్ బొమ్మ దగ్గర జరిగిన పాటల సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినట్టే ఇస్తున్నాం.)

 

నాకంటే ముందు పాడినవాళ్ళు ఒళ్ళు గగుర్పొడిచేటట్టు పాడారు. డప్పు ఇంకా వేడి తగ్గలేదు. ఇట్లాంటప్పుడు పంతులు లేచి మాట్లాడితే చప్పగా ఉంటదని నాకు తెలుసు. అయినా పాటల మీదే ఒక పని ఉంది, అది మీ అందరితో చెప్పాలి గనక లేచాను.

మా బడిలో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న పిల్లలు ముగ్గురు మొన్న ఇంటికొచ్చారు. ఫోను చేతికిచ్చి, "సార్, వికీపీడియాలో నాటు నాటు పాటకు పేజీ ఉంది. మన పల్లె పాటకు ఎందుకు లేదు? ఈ రాత్రికి మనమే రాసేద్దాం, పాట మీరు చెప్పండి" అన్నారు. నేను వెంటనే సరే అనలేదు. ముందు ఆ వికీపీడియా వాళ్ళు ఏం రాసుకున్నారో చదువుదాం అన్నాను. నాలుగు రాత్రులు కూర్చుని చదివాం. చదివింది మీకు చెప్తా. వింటారా?

ముందు అదేమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు. విజ్ఞాన సర్వస్వం అంటే లోకంలోని విషయాలన్నీ వరసగా వివరించే పెద్ద పుస్తకం. తెలుగులో 1910లలో కొమర్రాజు లక్ష్మణరావు గారు అట్లాంటి పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఏ సంగతి పుస్తకంలోకి ఎక్కాలో నలుగురు పండితులు కూర్చుని తేల్చేవాళ్ళు. ఆ నలుగురిలో మాదిగ లేడు, మాల లేడు, ఆడమనిషి లేదు. 2001లో వికీపీడియా వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వచ్చింది. ఇది కాగితం మీద ఉండదు, ఫోనులో ఉంటుంది. దీన్ని రాసేవాళ్ళకు జీతాల్లేవు. మీరూ రాయొచ్చు, నేనూ రాయొచ్చు. రాసినదాన్ని ఇంకొకరు దిద్దొచ్చు. నిలబడదనుకుంటే తీసేద్దామని చర్చ పెట్టొచ్చు. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళంతా కలిసి మాట్లాడుకునే పేజీకి ఏం పేరు పెట్టారో తెలుసా? రచ్చబండ! మన ఊరి రచ్చబండ మీద మన తాతలు కూర్చున్నారా? పక్కన చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డారు. ఈ రచ్చబండ మీద మాత్రం ఎవరి కులమూ అడగరు. కూర్చోవడానికి అడ్డం లేదు. కానీ కూర్చున్నాక మాట్లాడటానికి చేతిలో కాగితం ఉండాలి. తిరకాసు అక్కడే ఉంది.

పాట గురించి వాళ్ళ లెక్క ఏమిటి? ఇంగ్లీషు వికీపీడియాలో పాటలకు విడిగా నిబంధనలే ఉన్నాయి. తెలుగులో రాసేవాళ్ళు తమ నిర్ణయం తాము చర్చించి చేసుకుంటారు గానీ మూలసూత్రం దగ్గరదగ్గరగా ఒకటే. దాన్ని మన మాటల్లో చెప్తా.

మొదటిది. ఆ పాట గురించి ఒకటికి నాలుగుచోట్ల ఎవరో రాసి ఉండాలి. పత్రికో, పుస్తకమో, పరిశోధనో, టీవీ డాక్యుమెంటరీయో, ఏదో ఒకటి. రాసినవాడు పాటగాడి సొంత మనిషి అయి ఉండకూడదు. పాటను అమ్ముకునే కంపెనీవాడు అసలే కాకూడదు. మన కులం సర్టిఫికెట్టు మనమే రాసుకుని సంతకం పెట్టుకుంటే ఎమ్మార్వో ఒప్పుకుంటాడా? ఇదీ అట్లాంటిదే.

రెండోది. ఒట్టి పేరు చెప్పి వదిలేస్తే చాలదు. పది పాటల క్యాసెట్టు మీద సమీక్ష రాస్తూ "ఆరో పాట కూడా బాగుంది" అని ఒక్క ముక్క రాస్తే, అది క్యాసెట్టుకు ఆధారమవుతుంది గానీ ఆరో పాటకు కాదు.

మూడోది. పెద్ద బహుమతి రావడం, దేశం మొత్తం మీద అమ్మకాల పట్టీల్లోకి ఎక్కడం, పేరున్న గాయకులు పలువురు విడివిడిగా పాడి రికార్డు చేయడం, ఇవన్నీ ఆ పాట గురించి ఎక్కడో రాసి ఉంటారని చెప్పే గుర్తులు మాత్రమే. గుర్తు కనపడితే వెతకమని అర్థం. గుర్తే రుజువు కాదు. మా పిల్లలు "యూట్యూబులో లక్షమంది చూశారు సార్" అన్నారు. లక్షమంది చూశారంటే లక్షమంది చూశారనే తెలుస్తుంది. ఆ పాట ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, అది ఏం చేసింది, ఈ సంగతులు ఆ అంకెలో ఉన్నాయా? లేవు.

నాలుగోది. ఇదే అసలైంది. అంతా ఉన్నా, పాట గురించి ఆధారంతో నాలుగు పేరాలు రాసే సరుకు ఉందా? లేకపోతే విడిగా పేజీ పెట్టొద్దంటారు. పాటగాడి పేజీలోనో, సినిమా పేజీలోనో, ఉద్యమం పేజీలోనో దాన్ని కలిపి, పాట పేరుతో వెతికినవాణ్ణి అక్కడికి పంపే ఏర్పాటు చేస్తారు. దారిమార్పు అంటారు దాన్ని. రెండు లైన్లతో ఎదగకుండా పడి ఉండే పేజీని మొలక అంటారు. నీళ్ళు పోసేవాళ్ళు లేని మొలకలు వంద ఉండేకంటే కాసే చెట్టు ఒకటి మేలు.

ఇంతవరకు చెప్పగానే వెనక కూర్చున్న అన్న ఒకాయనకు కోపం వచ్చినట్టుంది. "మన పాటను కొలవడానికి వాళ్ళెవరు? మన ప్రతి పాటకూ హక్కుంది" అంటున్నాడు. అన్నా, నీ కోపం న్యాయమే. ఆ కోపం నాకూ ఉంది. ఎందుకుందో ఒక సంగతి చెప్తా.

1920ల మొదట్లో, సహాయ నిరాకరణ రోజుల్లో, గరిమెళ్ళ సత్యనారాయణ గారు "మాకొద్దీ తెల్ల దొరతనము" పాట కట్టారు. తెల్లవాడు ఆయన్ని జైల్లో పెట్టాడు. గొప్ప పాటే, కాదనను. అదే కాలంలో రాజమండ్రి మాలపల్లెలో పుట్టిన కుసుమ ధర్మన్న గారు దానికి జవాబుగా "మాకొద్దీ నల్ల దొరతనము" కట్టారు. తెల్లదొర పోతే పోనీ, మా నెత్తిన కూర్చున్న నల్లదొర సంగతేమిటని అడిగారు. రెండూ ఒకే కాలం పాటలు. రెండూ స్వేచ్ఛ గురించే. కానీ నేను చదువుకున్న బడిలో మొదటి పాట పేరు మా పంతులు చెప్పాడు. రెండోదాని పేరు నేను డిగ్రీ అయిపోయాక, ఒక దళిత సభలో విన్నాను. బడి మెట్లెక్కిన మొదటి తరం వాణ్ణి నేను. నా పాట నాకు చెప్పకుండానే నాకు డిగ్రీ ఇచ్చారు!

అయితే ధర్మన్న గారి పాట ఎందుకు చావలేదు? ఆయన అచ్చు విలువ తెలిసినవాడు గనక. "జయభేరి" అని సొంతంగా పత్రిక నడిపినవాడు. ఆయన అక్షరాలు కాగితం మీద మిగిలాయి. తర్వాత దళిత సాహిత్యం మీద పనిచేసినవాళ్ళు ఆ కాగితాలు దుమ్ము దులిపి తీసి, చర్చించి, వ్యాసాలు రాశారు. ఇవాళ ఎవరైనా ఆ పాట మీద పేజీ రాస్తే చూపించడానికి ఆధారం ఉంది. అంటే ఏమిటి? పాట గొప్పదనం ఒకటి, పాట గురించిన కాగితం ఇంకొకటి. వికీపీడియా రెండోదాన్నే చూస్తుంది. మొదటిదాన్ని కొలిచే త్రాసు దాని దగ్గర లేదు.

మరి కాగితం ఎవరి చేతిలో ఉండేది? అచ్చు యంత్రం ఎవరిది? పత్రికాఫీసులో కుర్చీ ఎవరిది? పాటను వినడానికి మన వాడకు వచ్చిన విలేకరి ఎవడు? 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్ళను చంపితే పత్రికలు రాశాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపితే రాశాయి. శవాల లెక్క రాశాయి, కేసు సంగతి రాశాయి. ఆ నెత్తుటిలోంచి పుట్టి ఊరూరా తిరిగిన పాటల గురించి ఎన్ని పేజీలు రాశాయి? అందువల్ల ఈ నిబంధనలో కులం పేరు లేదుగానీ, కులం దాచిన చోటు ఉంది. అది ఒప్పుకోవాల్సిందే. నోటిమాటను కూడా ఆధారంగా తీసుకునే దారి ఉందా అని వికీపీడియా లోపలే అడిగినవాళ్ళున్నారు. 2011లో మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ, హిందీ, మలయాళం, ఉత్తర సోథో భాషల్లో ఒక ప్రయత్నం జరిగింది. పల్లెలో పెద్దల మాటలు రికార్డు చేసి, దాన్నే మూలంగా చూపి వ్యాసాలు రాశారు. దాని మీద సినిమా కూడా తీశారు. మన ప్రశ్న మన ఒక్కరిదే కాదని దాన్నిబట్టి తెలుస్తుంది.

అయినా నేను ఆ అన్నతో ఒక మాట తేడా పడుతున్నా. నిబంధన పక్షపాతంగా ఉంది గనక నిబంధనే వద్దు, మన పాటలన్నీ ఎక్కించేద్దాం అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ తలుపు తెరిస్తే ముందు దూరేది మనం కాదు. డబ్బున్నోడు దూరతాడు. ఎమ్మెల్యే పుట్టినరోజుకు కట్టించుకున్న పాట దూరుతుంది. ప్రతి పెద్దింటి కులగీతం దూరుతుంది. ఆధారం అడగడం బలహీనుడికి కష్టమే, కానీ ఆధారం అడగకపోవడం బలవంతుడికి పండగ. కోర్టులో సాక్ష్యం అడుగుతారని మనం కోర్టే వద్దన్నామా? చుండూరు వాళ్ళు సాక్ష్యం చెప్పడానికి ఏళ్ళ తరబడి నిలబడ్డారు. ఆ దారే మనది.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ మైకు ముందు నిలబడే హక్కు నాకు లేదు.

మా పెదనాయన డప్పు కొట్టేవాడు, పాట కట్టేవాడు. చదువు లేదు. చుండూరు జరిగిన ఏడు ఆయన ఒక పాట కట్టాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆయన అరుగు మీద కూర్చుని చేతివేళ్ళతో మోకాలి మీద దరువేసుకుంటూ ఒక్కో చరణం అతికించడం నేను కళ్ళారా చూశాను. ఆ పాట పక్క ఊళ్ళకు పోయింది, తాలూకా దాటింది. తర్వాత ఒక క్యాసెట్టు మీద వచ్చింది. పేరు చూస్తే ఇంకెవరిదో. పెదనాయన ఆ క్యాసెట్టు అట్ట నాచేత చదివించుకున్నాడు. చదివాక ఒక్కటే మాటన్నాడు. "పోనీలేరా అబ్బాయా, పాడుతున్నారుగా."

నేను ఆ తర్వాత డిగ్రీ చదివాను, బీఈడీ చేశాను, ఉద్యోగం వచ్చింది. ఇట్లాంటి పత్రికలకు వ్యాసాలు రాశాను. కారంచేడు మీద రాశాను, రిజర్వేషన్ల మీద రాశాను. మా ఇంటి అరుగు మీద పుట్టిన పాట గురించి ఒక్క పేరా రాయలేదు. ఎప్పుడైనా రాయొచ్చులే అనుకున్నా. ఇంకో నిజం కూడా చెప్తా. మా ఇంటి సంగతి రాసుకుంటే చిన్నతనం అనుకున్నా. నాకు ఉద్యోగం వచ్చిన నాలుగో ఏట పెదనాయన పోయాడు. ఇవాళ మూడు ఊళ్ళవాళ్ళు ఆ పాట మాదంటే మాదంటున్నారు. నేను చూశానని చెప్తే, "నువ్వు వాళ్ళింటి వాడివి, అట్టాగే చెప్తావు" అంటున్నారు. నిజమే కదా! మన పిల్లలు పేజీ రాద్దామన్నది ఆ పాటకే. నేను వద్దన్నాను. ఇవాళ రాస్తే నిలబడదు. నిలబడకపోవడం వికీపీడియా తప్పు కాదు. పెన్ను చేతిలో ఉండీ రాయని నా తప్పు.

అందుకని ఏ పాటకు పేజీ అనే ప్రశ్నను మనం మూడు కుప్పలు చేసి చూద్దాం.

మొదటి కుప్ప, తన కాళ్ళ మీద తాను నిలబడగల పాటలు. పాట తన ఊరు దాటిపోయి ఉండాలి. కట్టినవాడు కాక వేరేవాళ్ళు పాడి ఉండాలి. బయటివాళ్ళు ఆ పాట గురించే రాసి ఉండాలి. సినిమా పాట నాటు నాటును తీసుకోండి. 2022లో సినిమా వచ్చింది. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. దాని గురించి ప్రపంచం పత్రికలన్నీ రాశాయి. దానికి పేజీ ఉండటంలో వింత లేదు. కానీ మనవైపూ ఉన్నాయి. అందెశ్రీ గారు బడికి పోని మనిషి. ఆయన "జయ జయహే తెలంగాణ" ఉద్యమంలో పాడారు, 2024లో రాష్ట్ర గీతమైంది. గోరటి వెంకన్న "పల్లె కన్నీరు పెడుతుందో" 2002లో కుబుసం సినిమాలోకి వచ్చింది. ప్రపంచీకరణ పల్లెను ఎట్లా తిన్నదో చెప్పడానికి ఎందరో ఆ పాటనే తమ వ్యాసాల్లో పట్టుకున్నారు. బండి యాదగిరి "బండెనక బండి గట్టి" నిజాం కాలపు సాయుధ పోరాటంలో పుట్టి, 1979 నాటి మాభూమి సినిమాలో గద్దర్ గొంతులో మళ్ళీ లేచింది. గూడ అంజయ్య "ఊరు మనదిరా" ఎన్ని సభల్లో పాడారో లెక్కలేదు. వీటికి పేజీ రాయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా కాగితాలు దొరుకుతాయి. వెతికే ఓపిక మనకు కావాలి.

రెండో కుప్ప, ఇంకో పేజీలో చోటు దొరకాల్సిన పాటలు. కారంచేడు మీద గద్దర్ కట్టిన "దళిత పులులమ్మ" ఉంది. గద్దర్ గురించిన రాతల్లో, కారంచేడు గురించిన రాతల్లో అది వస్తుంది. పాట గురించే విడిగా ఎంత రాశారో పోగుచేయండి. నాలుగు పేరాలకు సరిపడితే విడి పేజీ, లేకపోతే కారంచేడు పేజీలో మంచి పేరా. అక్కడ ఉంటే చిన్నతనం కాదు. కారంచేడు గురించి చదివేవాడికి ఆ పాట ఎదురుపడటమే కావాల్సింది. అట్లాగే కిన్నెర దర్శనం మొగులయ్య. డక్కలి బిడ్డ. 2022లో పద్మశ్రీ వచ్చింది, భీమ్లా నాయక్ సినిమా పాటలో ఆయన గొంతు వినపడింది. సినిమా పాటకు ఆధారాలు పొద్దున్నే దొరుకుతాయి. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద ఏళ్ళ తరబడి పాడిన పండుగ సాయన్న కథకు? దాని మీద శ్రద్ధ పెట్టి రాయాల్సింది మనమే. మన అమ్మల నాట్ల పాటలూ, కలుపు పాటలూ ఈ కుప్పలోవే. ఒక్కో పాటకు ఒక్కో పేజీ కుదరదు, కట్టినవాళ్ళ పేర్లు కూడా లేవు. కానీ నాట్ల పాటలనే మొత్తం మీద ఒక పెద్ద పేజీ రాయొచ్చు. అది ఏ సినిమా పాట పేజీకీ తీసిపోదు.

మూడో కుప్ప, ఇప్పటికి మన నోట్‌బుక్కులో ఉండాల్సిన పాటలు. మా పెదనాయన పాట ఇందులోనే ఉంది. మూడో కుప్ప అంటే మూడో రకం అని కాదు. ఇంకా సాక్ష్యం పోగుకానివి అని.

సాక్ష్యం ఎట్లా పోగవుతుంది? అమెరికాలో నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసే రోజుల్లో, ఆ దారుణం మీద వచ్చిన "స్ట్రేంజ్ ఫ్రూట్" అనే పాటను బిల్లీ హాలిడే 1939లో పాడింది. రాసినవాడు ఏబెల్ మీరోపోల్ అనే బడిపంతులు. నాలాంటి పంతులే! న్యూయార్కులో ఏ క్లబ్బులో పాడిందో, ఏ రికార్డు కంపెనీ భయపడి వద్దన్నదో, ఏది ఒప్పుకున్నదో అన్నీ రాసిపెట్టారు. ఆ ఒక్క పాట మీదే పుస్తకం వచ్చింది. 1999లో టైమ్ పత్రిక దాన్ని శతాబ్దపు పాట అన్నది. ఇవాళ దాని గురించి రాయాలంటే పొగడాల్సిన పని లేదు. జరిగింది జరిగినట్టు చెప్తే చాలు, చదివేవాడి గుండె బరువెక్కుతుంది. మన పాటలకూ కావాల్సింది అదే. పొగడ్త వద్దు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెదుట, తర్వాత ఏమైంది. అంతే.

కనుక ఈ రాత్రి నుంచి పని ఇది. ప్రతి పల్లెలో ఒక నోట్‌బుక్కు పెట్టండి. పాట పేరు, కట్టినవాళ్ళ పేరు, ఏ సందర్భం, మొదట ఎక్కడ పాడారు, ఎవరు నేర్చుకున్నారు, ఇప్పుడెవరు పాడుతున్నారు, రాయండి. ముసలివాళ్ళను ముందు కలవండి. వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటేనే రికార్డు చేయండి. మీ ఊరి పాట గురించి మీరు రాయొద్దు, పక్క ఊరివాళ్ళ చేత రాయించండి. వాళ్ళ పాట గురించి మీరు రాయండి. ఇట్లాంటి పత్రికల్లో, సంచికల్లో అచ్చు వేయించండి. తారీఖు లేకుండా ఏదీ అచ్చు కానివ్వొద్దు. విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు ఎంఫిల్లు చేశారు, పీహెచ్‌డీలు చేస్తున్నారు. వాళ్ళకు ఈ నోట్‌బుక్కులు ఇవ్వండి. రెండు గ్రంథాలయాల్లో కాపీలు పెట్టండి. అప్పుడు రచ్చబండ మీదికి పోదాం, కాగితం చేతబట్టుకుని. అక్కడ ఎవరైనా తీసేద్దామంటే తిట్టొద్దు. కారణం అడగండి, ఆధారం చూపండి. అక్కడ చేతులెత్తే లెక్క కంటే చెప్పిన కారణానికి విలువ.

ఇంకో జాగ్రత్త. పాట మొత్తం ఎక్కించొద్దు. పాట కట్టినవాడి సొత్తు. మన దేశపు చట్టం ప్రకారం కట్టినవాడు బతికినంత కాలం, పోయాక అరవై ఏళ్ళు హక్కు వాళ్ళది, వాళ్ళ పిల్లలది. ధర్మన్న గారి పాటలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. అట్లాంటివాటికి వికీసోర్స్ అని వేరే చోటుంది, మొత్తం పాఠం అక్కడ పెట్టొచ్చు. మిగతా పాటల గురించి రాయండి గానీ పాటను దోచుకోవద్దు. మన పాటలు దోచుకున్నారని ఏడ్చినవాళ్ళం, మనమే ఆ పని చేస్తే ఎట్లా?

ఆఖరుగా ఒక మాట. పేజీ లేకపోతే పాట చావదు. పాడకపోతే చస్తుంది. కానీ పాడుతూ ఉన్నా, కట్టినవాడి పేరు చస్తుంది. మా పెదనాయన "పాడుతున్నారుగా" అన్నాడు, అది ఆయన పెద్ద మనసు. ఆ మనసును అడ్డం పెట్టుకుని నేను నా బద్ధకాన్ని దాచుకున్నాను. ఇక దాచుకోను. నోట్‌బుక్కు తెచ్చాను, ఇదిగో. మొదటి పేజీలో మా పెదనాయన పాట రాయలేదు. అది రాయాల్సింది నేను కాదు. పక్క పల్లె నుంచి వచ్చిన అక్కలు ముందు వరసలో కూర్చున్నారు, ఆ పాట వాళ్ళ అమ్మలు ఆయన నోటనే విని నేర్చుకున్నారట. అక్కా, ఈ పెన్ను తీసుకో. విన్నది విన్నట్టు నువ్వు రాయి. తారీఖు వెయ్యి. కింద నీ పేరు రాయి.

జై భీం.